మణికట్టు మీద మూడు వేళ్ళు

అనంతపురంలో ఒక ఆస్పత్రి, మగవాళ్ళ వార్డు. రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలం, పొద్దున పదిన్నర. కిటికీ పక్క మంచం మీద ఉన్నవాడు తిప్పేస్వామి, గొర్రెల కాపరి. ఇరవై నాలుగు గంటల నొప్పికి, అంటే అపెండిక్స్ వాపుకి, నిన్న తెల్లవారుజామున ఆపరేషన్ అయింది. స్టూలు మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నది అతని పెళ్ళాం మారెక్క. ఆమె పుట్టింటికి పోయి ఎనిమిది నెలలైంది.

"కొంచెం మెల్లగా వత్తు మే. చెయ్యి ఊడొచ్చేట్టుండాది."

"సిస్టరమ్మ గట్టిగానే వత్తమనింది. బొటనవేలు పెట్టి, రెండు నరాల మధ్యన. నీకు నరాలు కనపడితే గదా! దుంగ మాదిరి ఉండాది చెయ్యి."

"జీవాల్ని ఎత్తే చెయ్యి అది."

"ఎత్తినావులే. ఇప్పుడెట్లుండాది?"

"తిప్పుతాండాది."

"తిప్పుతాండాదా, వాంతి వచ్చేట్టుండాదా? రెండూ వేరే వేరే."

"మొదట తిప్పుతాది. వచ్చేది రానిది దాని ఇష్టం."

"నిన్న ఆరు తూర్లు చేసుకుంటివి. ఆ బేసిను మోసి మోసి ఆయాకు నడుము పట్టుకుండాది. కుట్లు తెగుతాయని డాక్టరు ఎంత బెదిరించినాడో నీకు తెలుసా? నువ్వు మత్తులో ఉంటివి."

"ఏమన్నాడు?"

"పదకొండు గంటలకు గంజి తాపమన్నాడు. అది కడుపులో నిలిచిందంటే ఇంక భయం లేదంట. గంజి నిలిస్తే నేను రెండు గంటల గోరంట్ల బస్సుకు పోతా. సాయంత్రానికి మీ అన్న కొండప్ప వస్తాడు, ఆయప్ప చూసుకుంటాడు."

"నిలవకపోతే?"

"ఎందుకు నిలవదు? నేను వత్తుతాండా గదా."

"నిలవకపోతే అంటాండా."

"నిలవకపోతే రేపు పోతా. రేపూ నిలవకపోతే ఎల్లుండి. ఎట్లైనా పోయేది మాత్రం ఖాయం."

"ఊఁ."

"ఏంది ఊఁ?"

"తిప్పుతాండాది."

"ఉండు, మళ్ళీ కొలుస్తా. ఇదో, మణికట్టు కాడ ఈ మడత ఉండాదే, ఆడ నుంచి మూడు వేళ్ళు. ఒకటి, రెండు, మూడు. ఆ మూడో వేలు దాటినాక... ఆఁ, ఈడ. ఇదేనా?"

"ఆఁ ఆడే. ఆడే. ప్రాణం లేచొచ్చింది."

"చూస్తివా! కొలత సరిగ్గా ఉంటే ఎందుకు పని చెయ్యదు? అన్నానికి నీళ్ళు కొలిచే వేళ్ళు ఇవి. ఎప్పుడన్నా తప్పినాయా?"

"ఎనిమిది నెలలైంది నీ చేతి అన్నం తిని. యాడ గుర్తు నాకు?"

"ఎవరు తినద్దన్నారు?"

"ఎవరు పెట్టినారు?"

"ఇంక మాట్లాడద్దు నువ్వు. మాట్లాడితే గాలి పోతాదంట కడుపులోకి."

"సరే. ఒక్క మాట అడుగుతా. చేతిలో వత్తితే కడుపులో ఎట్ల తగ్గుతాది? చెయ్యి యాడ, కడుపు యాడ?"

"నీ గొర్రెకు కడుపుబ్బరం వస్తే నువ్వేం చేస్తావు?"

"నోట్లో అడ్డంగా పుల్ల పెట్టి కడతా."

"పుల్ల కట్టేది నోట్లో. గాలి పోయేది కడుపులోది. ఎట్ల పోతాది అని గొర్రె ఎప్పుడన్నా నిన్ను అడిగిందా?"

"అడగలే."

"గొర్రెకున్న బుద్ధి గూడా లేదు నీకు. సిస్టరమ్మ చెప్పింది, ఇది సూదిమందుకు తోడంట. సూదొక పక్క, ఇదొక పక్క. కొందరికి బాగా పని చేస్తాదంట, కొందరికి చెయ్యదంట. చెయ్యకపోయినా నష్టం లేదు పొమ్మనింది."

"నాకు చేస్తాండాదిలే. నువ్వు వదలద్దు."

"వదలలే గదా."

"నువ్వొస్తావనుకోలే మారెక్కా."

"నేనూ అనుకోలే."

"ఎవరు చెప్పినారు నీకు?"

"నీ జతన మంద కాసే వెంకటేశులు. మా ఊరి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసినాడు. బూతోడు పరిగెత్తుకోనొచ్చి, తిప్పేస్వామికి సీరియస్సంట అనె. సీరియస్సు అంటే ఏమని అడిగితే వానికి తెలీదు. వెంకటేశులు ఆ మాటొకటి చెప్పి పెట్టేసినాడంట. నేను చీర గూడా మార్చుకోలే."

"నేను ఫోన్ చెయ్యమనలే వాణ్ని."

"తెలుసులే. నువ్వు చెప్పే రకమా?"

"బస్సులో వచ్చేటప్పుడు ఏమనుకుంటివి?"

"పోయింటే ఏడుద్దాం, బతికింటే తిడదాం అనుకుంటి."

"బతికినా గదా. మరి తిట్టలే?"

"వాంతులు చేసుకునే మనిషిని తిట్టితే పాపం తగులుతాది. నిలవనీ. నిలిచినాక ఒకే తూరి తిట్టిపోతా."

"అట్లయితే నిలవకుంటేనే మేలు."

"ఛీ, నోరు మూసుకో. కుట్లు తెగితే ఎవరు చూసేది? నల్లచెవులది ఈనిందా?"

"ఏంది?"

"నల్లచెవుల గొర్రె. ఈనిందా అంటాండా. ఊరికే అడుగుతాండా, నాకేం కావాల్సి కాదు."

"ఈనింది. రెండు పిల్లలు."

"రెండూ ఉండాయా?"

"ఒకటి నిలిచింది. తల్లి దాన్ని దగ్గరికి రానీలే మొదట. పాలు నేనే తాపినా."

"నువ్వా? ఎట్ల తాపినావు?"

"వేలు నోట్లో పెట్టి, వేలెంబడి పాలు కార్చినా. నువ్వు తాపుతావే, అట్ల."

"నీ వేలు దాని నోట్లో పట్టిందా? పాపం దాని గొంతు! ఏం పేరు పెట్టినావు?"

"పెట్టలే. పేర్లు పెట్టేది నువ్వు గదా. ఏం మే, వత్తేది నిలిపేసినావు?"

"చెయ్యి నొస్తాండాది. ఈ చేత్తో వత్తుతా ఉండు. ఆఁ. ఇప్పుడు చెప్పు, నిన్ను దేనికి తిట్టాలో నీకు తెలుసా, తెలీదా?"

"ఆ కిటికీ కొంచెం మూయి. ఎండ కొడతాండాది."

"ఎండ ఆ పక్కనుండాది. తెలుసా, తెలీదా?"

"తిప్పుతాండాది మారెక్కా."

"ఆహా! ఆ మాటెత్తితే చాలు, తిప్పుతాది నీకు! తిప్పనీ. బేసిను ఈడే ఉండాది. మా నాయనకు ఇద్దరు కొడుకులు, ఒక్క అల్లుడు. పాడెకు నాలుగు కొమ్ములు. మూడో కొమ్ము మా చిన్నాయన పట్టినాడు. నాలుగోది ఎవరు పట్టినారో తెలుసా? బిందెలమ్ముకునేటోడు! వీధిలో పోతాంటే పిలిచినారు. బిందెలు కింద పెట్టి వచ్చి పట్టినాడు పాపం, ఏ ఊరోడో."

"చెప్పినారు."

"అప్పుడు అందరూ నా పక్క చూసినారు. ఎవరూ ఏమీ అడగలే. అడిగింటే ఏదో ఒకటి చెప్పుందును. ఉత్తగా చూసినారు."

"మంద తుంగభద్ర అవతల ఉండె. ఈ పక్క వాన లేదు, మేత లేదు, ఆడికి తోలుకోని పోతిమి. నాకు తెలిసింది తొమ్మిదో దినం."

"అది నాకు తెలుసు. దాని గురించి నేను ఒక్క మాటన్నానా ఎప్పుడన్నా? జీవాలోళ్ళ ఇంట్లో పుట్టినా నేను, మంద వదిలి రావడం ఎట్లుంటాదో నాకు తెలీదా? తొమ్మిదో దినం తెలిసింది. తెలిసినాక? పదో దినం రాలే, ఇరవైకి రాలే, నెలకు రాలే. మంద ఇంటికొచ్చినాక గూడా రాలే. పోయిన మనిషిని చూసేకి కాదప్పా, ఉన్న మనిషిని చూసేకన్నా రావాల గదా!"

"వచ్చినా."

"యాడికి?"

"మీ ఊరికి."

"అబద్ధం."

"పదకొండో దినం. జీవాల్ని వెంకటేశులుకు అప్పజెప్పి, రెండు బస్సులు మారి, గోరంట్లలో దిగి ఆడ నుంచి నడిచి వచ్చినా. భుజం మీద కంబళి గూడా దింపలే."

"ఎవరూ చూడలేదే మా ఊర్లో!"

"మీ ఇంటి ఎదురుంగా ఆ కానుగ చెట్టు తావ నిలబడినా. మీ చిన్నన్న గుండు చేయించుకోని అరుగు మీద కూచోనుండె. నువ్వు బోకులు తోముతాంటివి. పచ్చ చీర. చిలకపచ్చ."

"మా కుక్క మొరగలేదా?"

"మొరగలే. వచ్చి కాళ్ళు నాకింది. మన దొడ్లో పుట్టిన కుక్కే గదా అది, నువ్వు తీసుకుపోతివి."

"ఎంతసేపు నిలబడితివి?"

"నువ్వు ఆ పెద్ద సత్తు గిన్నె తోమి బోర్లించేదాకా."

"పిలవచ్చు గదా! మారెక్కా అని ఒక్క మాట!"

"భయమేసింది."

"నీకా? తోడేలు ఎదురొస్తే కట్టె తీసుకోని పోతావు, నేనంటే భయమా?"

"తిడతావని కాదు, ఏడుస్తావని కాదు. ఏమీ అనకుండా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిస్తావేమోనని. వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. అట్ల ఇస్తే ఏం చెయ్యాల్నో తెలీలే నాకు. పాడె లేచి పది దినాలైనాక వచ్చిన అల్లుడు ఏ మొగం పెట్టుకోని గడప తొక్కుతాడు? సిగ్గైంది. తిరిగిపోతి."

"ఎనిమిది నెలలు ఈ మాట నాకు చెప్పలే నువ్వు."

"ఎట్ల చెప్పేది? నువ్వు పుట్టింట్లో ఉంటివి."

"నేను పుట్టింట్లో ఉన్నింది నువ్వు చెప్పలేదనే గదా!"

"అరవద్దు మే. ఆ పక్క మంచం ఆయప్ప లేస్తాడు."

"లేవనీ! ఆయప్ప గూడా వినాల. నాయన పోయినప్పుడు మా అన్నలిద్దరూ గుండెలు బాదుకోని ఏడ్చినారు. నేను ఏడ్చలే, తెలుసా నీకు? కన్నీళ్ళు రాక కాదు. నువ్వొస్తావు, నీ తావ ఏడుద్దామని ఉంచుకుంటి. వచ్చినోళ్ళకు వండి పెడతా, బోకులు తోముకుంటా, ఉంచుకుంటి. నువ్వు కానుగ చెట్టు తావ వచ్చి, చూసి, పోతివి!"

"ఇప్పుడు ఏడుచు."

"ఇప్పుడా? ఈడనా? ఇంతమంది మొగోళ్ళ మధ్యలో?"

"నేను ఉండా గదా."

"నువ్వు ఉండి ఏం? లేచి కూచునే చేతకాదు నీకు. ఉండు, మొగం కడుక్కోనొస్తా. గంజి గూడా తెస్తా, టైమైంది. అంతవరకు నీ చెయ్యి నువ్వే వత్తుకో."

"నేను వత్తితే తగ్గదు."

"ప్రయత్నం చెయ్యి."

ఆమె పోయి, గంజి గిన్నెతో తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కొంచెం కొంచెం తాగు. ఒకే తూరి పోసుకోవద్దు."

"ఉప్పు లేదు."

"ఉప్పు ఆస్పత్రోళ్ళది, నాది కాదు. ఇంకో గుటక. ఆఁ. ఇంకోటి."

"చాలు మే."

"గిన్నె ఖాళీ చేసి చాలంటావు! మింగినావా? ఎట్లుండాది?"

"తిప్పుతాండాది."

"మొగం చూస్తే అట్ల లేదే. కళకళలాడుతాండాది."

"లోపల తిప్పుతాండాది. మొగానికేం తెలుసు?"

"సరే, చెయ్యియ్యి. ఒకటి, రెండు, మూడు. ఇదో. తగ్గిందా?"

"తగ్గింది."

"వదులుతా."

"వదిలితే మళ్ళీ మొదలైతాది. పట్టుకోనుండు కొంచెంసేపు."

ఆమె గంటసేపు అట్లే పట్టుకుని కూర్చుంది.

"పన్నెండు కొట్టింది. గంజి తాగి గంట దాటింది, అది బుద్ధిగా కడుపులోనే కూచోనుండాది. బట్టలు సర్దుకుంటా ఇంక."

"సర్దుకో."

"సర్దుకుంటా అంటాండా."

"సర్దుకో అంటాండా గదా నేనూ."

"చెయ్యి వదిలితే గదా సర్దుకునేది!"

"పట్టుకున్నది నువ్వు."

"వదిలితే మొదలైతాదంటివి గదప్పా!"

"అయితే సర్దుకోవద్దు."

"కుట్లు ఎప్పుడు విప్పుతారంట?"

"ఎనిమిదో దినం. విప్పినాక నేరుగా మీ ఊరికొస్తా. మీ నాయనను పెట్టిన తావకు పోయి దండం పెట్టుకుంటా. మీ అన్నల కాళ్ళ మీద పడమన్నా పడతా."

"నిన్ను ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలే. ఎవరన్నా రమ్మంటారని చూస్తే ఎనిమిది నెలలైపోయె. మారెక్కా."

"ఏంది?"

"ఏమీ లేదు."

"చెప్పు, ఏంది?"

"తిప్పుతాండాది."

"నీకింకేం చెప్పేది రాదా? అదో, సిస్టరమ్మే వస్తాండాది. ఆయమ్మకే చెప్పు నీ తిప్పుడు. అంజలి సిస్టరమ్మా! పొద్దుననుంచి కనపళ్ళేదే?"

"ఈ పొద్దు నాకు మద్యాన్నం డ్యూటీ అక్కా. నువ్వు ఇంకా ఈడే ఉండావా? ఏమన్నా తిప్పేస్వామీ, ఎట్లుండావు? చూడనీ నీ షీటు... నిన్న సాయంత్రం నుంచి ఒక్క వాంతి గూడా లేదే! గంజి తాగినావా?"

"తాగినా సిస్టరమ్మా. వాంతి రాలే గానీ, తిప్పుడు మాత్రం పోలే."

"అక్క వత్తితే తగ్గుతాండాదా?"

"వత్తితే తగ్గుతాది. వదిలితే మొదలైతాది."

"భలే ఉండాదే! యాడ వత్తుతాండావక్కా, చూపించు... అయ్యో, ఇదేంది, ఇంత కిందనా?"

"నువ్వు చెప్పినట్టే సిస్టరమ్మా. మడత కాడ నుంచి మూడు వేళ్ళు. ఇదో చూడు, ఒకటి, రెండు, మూడు."

"నీ వేళ్ళతో కొలిచినావా?"

"మరి ఎవరి వేళ్ళతో కొలవాల? నిన్న నా చేతి మీద కొలిచి చూపిస్తివి గదా!"

"నీ చెయ్యి గాబట్టి నీ వేళ్ళతో చూపించినా. ఎవరి చేతికి వాళ్ళ వేళ్ళే కొలత అక్కా. అన్న వేళ్ళు చూడు, ఒక్కోటి నీ రెండు వేళ్ళంత ఉండాది! ఆయప్ప వేళ్ళు మూడు పెడితే... ఇదో, చోటు ఇంత పైన వస్తాది. నువ్వు వత్తింది మణికట్టు పక్కన."

"అంటే నిన్నటినుంచి...?"

"నిన్నటినుంచి ఉత్త తావన వత్తినావు."

"ఉత్త తావన వత్తితే, ఆఁ ఆడే, ఆడే, ప్రాణం లేచొచ్చింది అనె ఈయప్ప! సిస్టరమ్మా, నువ్వే అడుగు."

"నవ్వొస్తాండాది నాకు. తిప్పేస్వామన్నా, నిజం చెప్పు. తిప్పుడు ఎప్పుడు పోయింది?"

"అదీ... సూదేసినారు గదా సిస్టరమ్మా నిన్న..."

"ఎప్పుడు పోయింది?"

"నిన్న పొద్దుగూకే ముందర."

"ఏమీ!"

"అరవద్దు మే, కుట్లు అదురుతాయి."

"అదరనీ! చూడు సిస్టరమ్మా నా బొటనవేలు, వాచి ఎట్లుండాదో! రాత్రంతా కన్ను మూయలే నేను. కునుకు వచ్చినప్పుడల్లా తిప్పుతాండాది మే, తిప్పుతాండాది మే అని లేపినాడు. మోసగాడా! ఏంటికి చేసినావు ఇంత పని?"

"పోతావని."

"ఏంది?"

"తగ్గిందంటే పోతావు గదా. నువ్వే అంటివి, వాంతులు నిలిస్తే పోతానని. పోవద్దు మారెక్కా అని నోటికి రాలే. ఎన్ని తూర్లో చెప్దామని చూస్తి. ఇది వచ్చింది నోటికి."

"వింటివా సిస్టరమ్మా? వింటివా! ఇట్లాంటి మనిషితో ఎట్ల ఏగేది? నిన్ననే తగ్గిందని చెప్పింటే నిన్ననే పోయుందును నేను. ఒక్క నిమిషం ఉందునా ఈడ? నా ఇల్లు, నా అన్నలు, ఎన్ని పనులుండాయి నాకు! బస్సు మీద బస్సు పోతాంటే, ఈయప్ప కోసమని ఈ స్టూలు మీద..."

"ఒక్క నిమిషం అక్కా. నువ్వు అసలు ఎందుకు వత్తుతాండావు? నాకు అర్థం కాలే."

"సిస్టరమ్మా, ఈ గంజి గిన్నె యాడ కడగాల?"

"ఆయా కడుగుతాదిలే. అది కాదక్కా..."

"నాకు బస్సు టైమైంది తల్లీ, నేను పోయి..."

"ఉండు మే నువ్వు. ఆయమ్మను చెప్పనీ. ఏంది సిస్టరమ్మా?"

"బొత్తాం కుట్టిన పట్టీ అన్నా. నీ కొలతకే కుట్టినా. చేతికి కడితే ఆ బొత్తామే వత్తుకోని ఉంటాది, ఇంక మనిషితో పనే లేదు. నిన్న ఆరు గంటలకు నేను డ్యూటీ దిగేటప్పుడు అక్క చేతిలో పెట్టి, ఇది కట్టెయ్యి, రాత్రి సిస్టరు చూసుకుంటాది, నువ్వు ఏడు గంటల బస్సుకు నిమ్మలంగా పో అని చెప్పి పోతినే!"